పెద్దమ్మ అడ్డపొగ, మెడలో బియ్యపుగింజ

మొన్న గుండె పరీక్షలకని సాల్ట్ లేక్‌లో ఒక క్లినిక్‌కు వెళ్ళాను. డెబ్బైకి దగ్గరపడ్డాక గుండె తానొకటి ఉన్నానని అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటుంది, మీకు వేరే చెప్పాలా! కౌంటరు దగ్గరి బెంగాలీ అమ్మాయి నా వేలికి ఒక చిన్న క్లిప్పు తగిలించి, నేను కుర్చీలో సర్దుకుని కూర్చునేలోగానే నా నెత్తుట్లో ఆక్సిజన్ ఎంతుందో చెప్పేసింది. తర్వాత కంప్యూటర్లో ఫారం నింపుతూ పేరు అడిగింది, వయసు అడిగింది, షుగరూ బీపీ అడిగింది. పొగాకు అలవాటు అన్న గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కసారి తలెత్తి నా నేతచీరనీ నెరిసిన జుట్టునీ చూసి, నన్ను ఏమీ అడగకుండానే 'లేదు' అని నొక్కేసి కింది గడికి వెళ్ళిపోయింది. నలభై అయిదేళ్ళ కిందట సరిగ్గా అదే గడిలో అదే మాట నా చేత్తో రాసి, మా పెద్దమ్మ ప్రాణం మీదికి తెచ్చినదాన్ని నేను.

మాది షాలిమార్. అసలు ఊరు శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డు పల్లె అయినా, నేను పుట్టిందీ పెరిగిందీ హౌరా వైపు గూడ్సు యార్డును ఆనుకుని ఉన్న తెలుగువాళ్ళ బస్తీలోనే. నాన్న యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అమ్మ నా తర్వాత ఇంకో ముగ్గురిని కని అలిసిపోవడంతో, చిన్నవయసులోనే భర్త పోయి మా దగ్గరికి వచ్చేసిన అమ్మ అక్కగారు, అంటే మా పెద్దమ్మ, నన్ను పెంచింది. ఆవిడ యార్డు పక్కన గోడౌన్లో గోనెసంచులు కుట్టేది. నా స్కూలు ఫీజూ, నా మొదటి చెప్పులూ, నేను బీఎస్సీలో చేరిన రోజున బస్తీ అంతటికీ పంచిన రసగుల్లాలూ అన్నీ ఆ గోనెసూది మొననుంచి వచ్చినవే.

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టక తప్పదు. ఉత్తరాంధ్ర తీరం ఎరిగిన నా వయసువాళ్ళకు అడ్డపొగ అంటే తెలిసే ఉంటుంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని, పెదవులు మూసి పీల్చడం. మా వైపు ఆడవాళ్ళలో చాలామందికి ఆ అలవాటుండేది. సముద్రగాలికి చుట్ట ఆరిపోకుండా ఉంటుందని కొందరనేవాళ్ళు, ఉప్పునీటి చేతులకు తడవకుండా ఉంటుందని కొందరనేవాళ్ళు. పెద్దమ్మకు మాత్రం ఇంకో కారణం కూడా ఉండేది. గోనె దగ్గర నిప్పు కనబడితే గోడౌన్ గుమాస్తా బాబు ఆ పూటే పనిలోంచి తీసేస్తాడు. నిప్పు నోట్లోనే ఉంటే రవ్వ రాలదు, బూడిద పడదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అన్నేళ్ళ పనిలో ఆవిడ ఒక్క సంచికి చిల్లి పడనివ్వలేదు.

నాకు చిన్నప్పుడు అదొక వింతగా అనిపించేది కాదు. కాలేజీలో నా స్నేహితురాలొకతె, భవానీపూర్ వకీలుగారి అమ్మాయి, ఒకసారి మా ఇంటికి వచ్చింది. పెద్దమ్మ దానికి మర్యాద చేద్దామని నోట్లోంచి మండుతున్న చుట్ట బయటికి తీసి, నవ్వుతూ కుశలం అడిగింది. ఆ పిల్ల కెవ్వుమంది. మర్నాటికల్లా కాలేజీలో నేను నిప్పులు మింగేవాళ్ళ ఇంటి పిల్లనైపోయాను. వాళ్ళు వారంలో మర్చిపోయారు, నేను మాత్రం మర్చిపోలేదు. ఆ రోజునుంచి ఎవరినీ ఇంటికి పిలవలేదు, పెద్దమ్మను కాలేజీ గేటు దాకా కూడా రానివ్వలేదు.

ఎమ్మెస్సీ పూర్తవగానే భవానీపూర్‌లో గుండె, ఊపిరి మీద పరిశోధన జరిగే ఒక చిన్న ప్రయోగశాలలో సహాయకురాలి ఉద్యోగం దొరికింది. ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ కాళ్ళు నేల మీద నిలవవు! ఎర్రజెండాల ప్రభుత్వం వచ్చి కొన్నేళ్ళయింది, పొద్దున మిఛిల్ అనే ఊరేగింపు, మధ్యాహ్నం లోడ్‌షెడ్డింగ్, మధ్యలో దొరికిన కరెంటులో మా ప్రయోగం. ఆక్సిజన్ చూడటానికి ఇప్పటిలా వేలి క్లిప్పులెక్కడివి? చెవికి తగిలించే పెద్ద యంత్రం ఒకటి, అది వేడెక్కి కుదురుకునేసరికి టీ రెండుసార్లు తాగేవాళ్ళం. దాని పక్కన కదిలే పొడవాటి కాగితం మీద సిరాతో గీతలు గీసే కలాలు. మనిషి ఊపిరి లోపలికి తీస్తే కలం పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. మొదటిసారి ఆ కలం ఒక మనిషి ప్రాణాన్ని నా కళ్ళెదుట గీస్తుంటే, సంతకం పెట్టాల్సిన హాజరుపట్టీ కూడా మర్చిపోయి నిలబడిపోయాను.

మా పెద్ద డాక్టరుగారిని మేమంతా సార్ అనేవాళ్ళం. ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం ఇది. మెడలో, మెదడుకు వెళ్ళే నెత్తురుగొట్టం రెండుగా చీలేచోట, అటొకటీ ఇటొకటీ, బియ్యపుగింజంత కండ ఉంటుంది. నెత్తుట్లో ఆక్సిజన్ తగ్గితే మొదట పసిగట్టేది అదే. వెంటనే మెదడుకు వార్త పంపుతుంది, మెదడు ఊపిరిని తొందరపెడుతుంది. ఆరోగ్యవంతుల్లో అది బుద్ధిగా ఉంటుంది. గుండె నీరసించినవాళ్ళలో మాత్రం అది అతిగా ఉలిక్కిపడుతుంది, పైగా నెత్తురు నెమ్మదిగా తిరగడంవల్ల దానికి వార్త ఆలస్యంగా అందుతుంది. మా నాన్న యార్డులో సిగ్నల్ ఆలస్యమైతే బండ్లన్నీ ఆగిపోయి, సిగ్నల్ పడ్డాక అన్నీ ఒక్కసారి బయల్దేరినట్టు, ఆ రోగుల ఊపిరి కాసేపు పెరిగి పెరిగి ఎగశ్వాసవుతుంది, తర్వాత తగ్గి తగ్గి ఆగిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. చూసేవాళ్ళకే ప్రాణం పోయి వస్తుంటుంది.

సార్ ఆలోచన ఏమిటంటే, ఆ గింజ ఉలికిపాటును ఏదైనా మందు తగ్గించగలిగితే రోగికి ఆయాసం తగ్గుతుంది కదా అని. ఆయన ఎంచుకున్నది దగ్గుకు వాడే ఒక పాత మాత్ర, నల్లమందు వంశానికి దూరపు చుట్టం, అదీ చాలా చిన్న మోతాదులో, పక్కన డాక్టరు కూర్చుని చూస్తుండగా. ఒకరోజు అసలు మాత్ర, ఒకరోజు అచ్చం దానిలాగే ఉండే పిండి మాత్ర. ఏది ఏ రోజో మాకెవరికీ తెలియదు, కవర్లో ఉంటుంది. మాత్ర ఒంటికి పట్టాక నోటికి గొట్టం పెట్టి, రోగికి తెలియకుండా రెండు మూడు గుక్కలు ఆక్సిజన్ లేని ఉత్త నత్రజని ఇస్తాం. గింజ ఉలిక్కిపడితే కలం ఎగురుతుంది. ఎంత ఎగిరిందన్నదే పరీక్ష. ఆ మీట తిప్పడం నా పని, తిప్పిన ప్రతిసారీ నా గుండె కూడా ఒక గంతు వేసేది.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మకు గుండె పెద్దదైందని తేలింది. కాళ్ళు నీరు పట్టాయి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, గోడకు జారబడి కూర్చునే కునుకు తీసేది. మధ్యాహ్నం కునుకులో ఆవిడ ఊపిరి పెరిగి, తగ్గి, ఆగిపోవడం చూసి, నేను పుస్తకంలో చదివింది నా ఇంట్లోకి వచ్చి కూర్చుందని తెలుసుకున్నాను. నీరు తీసే మందులూ, గుండెకు బలం మందులూ ఇస్తున్నా ఆయాసం ఒక పట్టాన తగ్గలేదు. సార్‌ను బతిమాలాను. ముందు పరీక్ష చేద్దాం, మాత్ర ఆవిడకు పనిచేస్తుందని కలం చెబితే నా చేత్తో నేనే ఇస్తాను, లేకపోతే ఇవ్వను, ఊపిరితో ఆటలాడకూడదు అన్నారు.

ఫారం నేనే నింపాను. పొగాకు గడి దగ్గర కలం ఆగింది. ఆడవాళ్ళను ఆ ప్రశ్న అడిగే ఆనవాయితీ మా ప్రయోగశాలలో లేదు, అడగడం అమర్యాదనుకునేవాళ్ళం. పక్కనే యంత్రం చూసుకునే అతను, మేమంతా దాదా అని, అంటే అన్నయ్య అని పిలిచేవాడు, నిలబడి ఉన్నాడు. నాకు వకీలుగారి అమ్మాయి కేక చెవుల్లో మోగింది. 'లేదు' అని రాసేశాను. అలవాటున్న మగవాళ్ళకైతే ముందురోజునుంచే మానేయమని గట్టిగా చెప్పేవాళ్ళం. పెద్దమ్మకు లేదని రాశాను కాబట్టి ఆ మాట ఆవిడకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

మొదటి రోజు దారిలో మిఛిల్ అడ్డొచ్చి బస్సు గంటన్నర ఆగిపోయింది. పెద్దమ్మ ఉరుకుల పరుగులతో వచ్చి, మాత్ర మింగి, మా కళ్ళెదుటే మంచం మీద ఉండిపోయి, తిన్నగా పరీక్ష కుర్చీలో కూర్చుంది. మీట తిప్పితే కలం ఓ మాదిరిగా ఎగిరింది. రెండో రోజు తొందరగానే వచ్చింది, మాత్ర మింగింది, కరెంటు పోయింది. వెనక మెట్ల మీద నీడలో చేతులు కట్టుకుని, పెదవులు బిగించి, చాలాసేపు కదలకుండా కూర్చుంది. అటుగా వెళ్తూ సార్ ఆగి, బెంగాలీలో పెద్దావిడలను పిలిచే మాటతో, మాశీమా ఎంత శాంతంగా కూర్చున్నారో చూడండి, మా ఇంట్లోవాళ్ళయితే ఈపాటికి ఊరంతా ఏకం చేసేవాళ్ళు అని మెచ్చుకున్నారు. ఆ శాంతం దేనివల్లో నాకు తెలుసు. ఆ బుగ్గ కాస్త ఉబ్బి ఉండటం నేను చూశాను. చూసి, గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగాను. కరెంటు వచ్చింది, మీట తిప్పాను, కలం కాగితం అంచుదాకా ఎగిరింది.

కవరు విప్పితే ఆ రెండో రోజే అసలు మాత్ర రోజని తేలింది. మిగతా రోగుల్లో గింజను నిద్రపుచ్చిన మందు ఈవిడలో రెచ్చగొట్టిందన్నమాట! సార్ చాలాసేపు కాగితం చూసి, కళ్ళజోడు తీసి, ఈ మాత్ర ఈవిడకు పడదు, ఇవ్వడం ప్రమాదం అని పేరు కొట్టేశారు. ఆయన తప్పేమీ లేదు, కాగితం చెప్పిందే ఆయన విన్నారు.

ఆ ఆదివారం పెద్దమ్మ ఎదురుగా కూర్చుని ఆవిడ ఊపిరి లెక్కపెడుతున్నాను. చేతి గడియారం చూసుకుంటూ, ఊరికే, బెంగతో. భోజనమయ్యాక ఆవిడ చుట్ట అడ్డంగా పెట్టుకుంది. కాసేపటికి మళ్ళీ లెక్కపెట్టాను. లెక్క పెరిగింది. ఒక ఆలోచన మెరుపులా వచ్చి, ఊపిరి బిగబట్టు పెద్దమ్మా, ఎంతసేపు ఉండగలవో చూద్దాం అన్నాను. చుట్టకు ముందు బిగబట్టగలిగినంత సేపు, చుట్ట తర్వాత ఉండలేకపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు ఆవిడకు విసుగొచ్చింది.

"ఏటే గుంటా, ఆ గడియారం సూసుకుంటా నా ముకం సూత్తావు? నానేటి రైలుబండినా, టైముకొచ్చీడానికి?"

నేను అప్పటికే లేచి పుస్తకాల పెట్టె దగ్గరికి పరిగెత్తాను. పొగాకులో ఉండే నికొటిన్ మెడలోని ఆ గింజను లేపి కూర్చోబెడుతుందని పాత పాఠ్యపుస్తకంలోనే ఉంది. ఉండటమేమిటి, దాని కింద గీత గీసింది నేనే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదీ నేనే! ఆ వాక్యానికీ, మా ఇంట్లో రోజూ నోట్లో వెలిగే నిప్పుకీ సంబంధం ఉంటుందని ఒక్కసారైనా తట్టలేదు. మాత్ర గింజను జోకొడుతుంటే చుట్ట అరిచి లేపింది, కలం గీసింది ఆ అరుపునే. ఆనందంతో గంతులు వేయాలనిపించింది, మరుక్షణం పుస్తకం మూసి పెట్టె పక్కనే కూలబడ్డాను. ఇది చెప్పాలంటే ఫారంలో అబద్ధం రాశానని చెప్పాలి. మా వృత్తిలో అంతకు మించిన నేరం లేదు, ఉద్యోగం ఊడటం ఖాయం. చెప్పకపోతే పెద్దమ్మకు మాత్ర లేదు.

ముందు పెద్దమ్మకే చెప్పాను. అలా ఎందుకు రాశానో కూడా చెప్పాను, ఆ స్నేహితురాలి సంగతితో సహా. ఆవిడ తిడుతుందనుకున్నాను. చుట్ట నోట్లోంచి తీసి పక్కన పెట్టి, నిజంగా అర్థం కాక అడిగినట్టు అడిగింది.

"నానెవులికీ దాసలేదు గదే. నువ్వెందుకు దాసినావు?"

కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడే మళ్ళీ, "సర్లే, ఏడవకు. మీ సారుకి నానే సూపిత్తాను. దొంగతనం సేసినామేటి?" అంది.

మర్నాడు సార్ గదిలో నిలబడి మొత్తం చెప్పేశాను. ఆయన ఫారం తెప్పించి నా చేతిరాతను చూశారు. ఇలాంటిది మళ్ళీ జరిగితే ఈ గడప తొక్కవద్దు అన్నారు, అదీ చాలా నెమ్మదిగా, అందుకే ఇప్పటికీ గుర్తుంది. ఆ వెంటనే, మీరు నమ్మరు, కుర్చీలోంచి చిన్నపిల్లాడిలా లేచారు! నిప్పు లోపలికా? నాలుక కాలదా? ఎంతసేపు? ఎన్నిసార్లు? ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు. ఆ వారంలోనే పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని, పెళ్ళివారింటికి వచ్చినట్టు మా ప్రయోగశాలకు వచ్చింది. గ్యాసు సిలిండర్లకు దూరంగా వరండాలో కుర్చీ వేశాం. సార్, దాదా, పక్క గదుల్లోవాళ్ళంతా చుట్టూ మూగారు. ఆవిడ చుట్ట వెలిగించి, ఎర్రటి కొస అందరికీ చూపించి, గబుక్కున లోపలికి తిప్పి నోరు మూసుకుంది. దాదా అప్రయత్నంగా తన చెంప పట్టుకున్నాడు. పెద్దమ్మ మాత్రం ఆ నోటితోనే తీరిగ్గా బెంగాలీలో, భయపడకు నాయనా, ఇది నీ యంత్రం కంటే పాతది అంది. ఆ నవ్వులు ఆ వరండాలో ఇంకా ఉండే ఉంటాయి.

పరీక్ష మళ్ళీ మొదలుపెట్టాం. చుట్టతో పిండి మాత్ర, చుట్ట లేకుండా పిండి మాత్ర, చుట్టతో అసలు మాత్ర, చివరికి చుట్ట లేకుండా అసలు మాత్ర. ఆ చివరి రోజు ముందురోజునుంచీ ఆవిడ చుట్ట ముట్టలేదు, చిరాకుతో ఊరందరినీ తిట్టింది. ఏ రోజు ఏ మాత్రో అప్పుడూ మాకు తెలియదు. మీట తిప్పాను. ఒక గుక్క, రెండు, మూడు. కలం ఎగురుతుందని ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఎగరలేదు. కాస్త తల ఎత్తి, అటూ ఇటూ చూసినట్టు చూసి, నెమ్మదిగా దిగి, మామూలు అలల్లోకి వెళ్ళిపోయింది. దాదా సిరా అయిపోయిందేమోనని కలం తట్టి చూశాడు! సార్ కవరు చించారు. అసలు మాత్ర. నేను అక్కడే, అందరి ముందూ, పెద్దమ్మ మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చేశాను.

మాత్ర మొదలుపెట్టాక కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి పెద్దమ్మ ఒక్క దిండు మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. ఊపిరి పెరగడం లేదు, ఆగడం లేదు. నేను చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి చూశాను. అంతా సుఖాంతమేం కాదు. నల్లమందు చుట్టరికం ఊరికే పోతుందా, ఆ మాత్రతో మలబద్ధకం పట్టుకుని సార్‌కు రోజూ అక్షింతలు వేసేది. చుట్టను ఒక్కసారిగా వదల్లేదు, వారానికి ఒకటికి దించి, చివరికి వెలిగించకుండా వాసన మాత్రం చూసుకునే దశకు వచ్చింది. ఆ తర్వాత మరికొన్నేళ్ళు మాతో ఉంది. నా పెళ్ళి చూసింది, నా కూతురిని ఒళ్ళో పడుకోబెట్టుకుంది.

మా ఫారం కూడా మారింది. పొగాకు ప్రశ్నను సార్ నాకే అప్పగించారు, అదీ పేరుపేరునా, ఏ రూపంలో అని అడగమన్నారు. అడిగితే తెలిసింది! భవానీపూర్ గృహిణులు పాన్‌లో దొక్తా అనే పొగాకు వేసుకుంటారు, కొందరు పళ్ళకు గుల్ అనే పొగాకు పొడి రుద్దుతారు, బిహారీ అమ్మలు ఖైనీ దవడన పెడతారు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్ళెవరూ చెప్పలేదు. చివరికి ఒకరోజు సార్ వచ్చి, మా అమ్మ కూడా రోజూ దొక్తా వేసుకుంటుందట, నిన్న అడిగితే చెప్పింది, ఇన్నేళ్ళుగా ఆవిడ ఆయాసానికి మందులిస్తున్నది నేనే అని తల పట్టుకున్నారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను, ఆయనా నవ్వారు.

ఇప్పుడు ఆ చెవి యంత్రం లేదు, సిరా కలాలు లేవు. మెడలోని ఆ గింజను శాంతింపజేసే కొత్త మందుల కోసం ఇంకా వెతుకుతున్నారని చదివినప్పుడల్లా నాకు ఉత్సాహం పొంగుకొస్తుంది. షాలిమార్ బస్తీలో అడ్డపొగ పెట్టే ఆడవాళ్ళు ఇక లేరనే అనుకుంటాను, నా మనవరాలికి ఆ మాట చెబితే నిప్పు నోట్లోకెలా వెళ్తుందని నన్నే అనుమానంగా చూసింది. అలవాటు పోవడం మంచిదే, దానివల్ల నోరు పుండ్లుపడి పోయినవాళ్ళను నేను ఎరుగుదును. కానీ అప్పట్లో యంత్రం వేడెక్కేదాకా కాచుకునే ఆ పూటంతా రోగి పక్కన కూర్చునేవాళ్ళం, కబుర్లలో ఏవేవో బయటపడేవి. ఇప్పుడు ప్రశ్న పుట్టకముందే అంకె వచ్చేస్తోంది.

మొన్న ఆ అమ్మాయిని ఆపి, తల్లీ, ఆ గడి నన్ను అడిగి నింపు అన్నాను. సిగ్గుపడుతూ అడిగింది. లేదు అన్నాను. మరి ఎందుకు అడగమన్నారు మాశీమా అంది, నవ్వుతూ. ఇదంతా ఆ పిల్లకు ఎక్కడ చెప్పను, వెనక లైన్లో జనం ఉన్నారు. నా తర్వాత కుర్చీలో కూర్చున్నది నా వయసు ఆవిడే, పెదవులు బిగించుకుని, చేతులు కట్టుకుని, ఎంతో శాంతంగా. తలుపు దాటుతూ వెనక్కి తిరిగి చూశాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, కంప్యూటర్ మీదినుంచి చెయ్యి తీసి, ఆవిడ వైపు వంగి ఏదో అడుగుతోంది.